కారు స్టీరియో నీలం లైటు తీసేసి నారింజ వేశా: ఏ ఎల్‌ఈడీలు పనికొచ్చాయి, ఏవి డబ్బు దండగ

నాన్నకి 61 ఏళ్ళు. నెలకి రెండుసార్లైనా హైదరాబాద్ నుంచి కోదాడ వెళ్ళొస్తారు, అక్కడ మాకు కొంచెం పొలం ఉంది, పగలంతా పని చూసుకుని తిరుగు ప్రయాణం రాత్రికే పెట్టుకుంటారు. బండి 2010 స్విఫ్ట్. దాని మీటర్ బోర్డు లైటు నారింజ రంగులో మెత్తగా ఉంటుంది, కళ్ళకి ఏమీ ఇబ్బంది ఉండదు. స్టీరియో మాత్రం కంపెనీది కాదు, మధ్యలో మార్చినది, దాని బటన్లన్నీ ముదురు నీలం, డిస్‌ప్లే చల్లటి తెలుపు. పగలు ఆ తేడా ఎవరికీ తెలీదు. రాత్రి సూర్యాపేట దాటి వీధి దీపాలు అయిపోయి చుట్టూ చీకటి పడ్డాక ఆ తొమ్మిది నీలం చుక్కలు కంటి మూలలో మెరుస్తూనే ఉంటాయి. "ఆ లైటు కళ్ళల్లో గుచ్చుతోందమ్మా" అని నాన్న రెండు మూడు సార్లు అన్నారు, నేను అంత పట్టించుకోలేదు. ఒకసారి నేనూ పక్క సీట్లో కూర్చుని వస్తుంటే చేతిరుమాలు తీసి స్టీరియో మీద కప్పి నడిపారు. అప్పుడు అర్థమైంది ఆయనకి అదెంత ఇబ్బందో. ఇంటికొచ్చిన మర్నాడే దీని సంగతి చూడాలని కూర్చున్నా.

మొదట చెయ్యాల్సిన పని మెనూ చూడటం. ఇప్పుడొచ్చే పయనీర్, కెన్‌వుడ్, జేవీసీ స్టీరియోల్లో చాలావాటికి రంగు మార్చుకునే సెట్టింగ్ లోపలే ఉంటుంది, కొన్నిటికి బటన్లకి ఒక రంగు, డిస్‌ప్లేకి ఒక రంగు విడివిడిగా పెట్టుకోవచ్చు. మీది అలాంటిదైతే ఈ రివ్యూ ఇక్కడితో ఆపి మెనూలోకి వెళ్ళండి, టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యాల్సిన పనే లేదు. మా దాంట్లో అలాంటిదేం లేదు, కనీసం వెలుతురు తగ్గించే డిమ్మర్ కూడా లేదు. దగ్గర్లో ఉన్న కార్ డెకార్ షాపులో అడిగితే "లైట్లు మార్చడం మేం చెయ్యం మేడమ్, ఇది తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోండి, 9,500కి పెట్టిస్తా" అన్నారు. వెలుతురు ఎక్కువైందని బాధపడుతున్న మనిషి ముందు అరచేతికి రెండింతలుండే స్క్రీన్ తెచ్చి పెట్టమంటే ఎలా? పైగా ఈ స్టీరియో సౌండ్ నాన్నకి బాగా అలవాటైంది, పెన్‌డ్రైవ్ పెడితే చాలు ఆయన పాటలు ఆయనకి వస్తాయి. అందుకే నేనే మార్చాలని నిర్ణయించుకున్నా. డిప్లొమా ఈసీఈలో ఉన్నప్పుడు టంకం వెయ్యడం నేర్చుకున్నా, ఆ తర్వాత పదేళ్ళుగా ఐరన్ పట్టింది తక్కువ. అది చాలింది.

నీలం ఎందుకు అంత ఇబ్బంది పెడుతుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని కేవలం అందం విషయం అనుకుంటారు. చీకట్లో మన కంట్లో పనిచేసేవి రాడ్ కణాలు, అవి 500 నానోమీటర్ల (వెలుతురు రంగుని ఈ కొలతతో చెప్తారు) దగ్గరి వెలుతురుకి బాగా స్పందిస్తాయి. నీలం ఎల్‌ఈడీ 465 నుంచి 470 మధ్య వెలుగుతుంది, అంటే దానికి దగ్గర్లోనే. నారింజ 600 చుట్టుపక్కల. అంతే శక్తి ఉన్న వెలుతురు తీసుకుంటే నారింజ వల్ల రాడ్‌ల మీద పడే ప్రభావం నీలంతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. అందుకే నీలం వైపు ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు చూస్తే రోడ్డు ఒక్క క్షణం నల్లగా అనిపిస్తుంది. ఇంకోటి, నీలం వెలుతురు మన కంట్లో రెటీనా (కంటి వెనక తెర) మీద సరిగ్గా పడకుండా దానికి కొంచెం ముందే ఫోకస్ అవుతుంది, అందుకే నీలం అక్షరాలు రాత్రి మసగ్గా, చుట్టూ వలయం ఉన్నట్టు కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్సులో వెలుతురు చెదిరిపోవడం కూడా ఎక్కువవుతుంది. నాకు కాస్త చికాకు అనిపించేది నాన్నకి నిజంగా గుచ్చుకుంటోంది అన్నమాట. ఒకప్పుడు ఈ నీలం ఎల్‌ఈడీ తయారు చెయ్యడమే చాలా కష్టం, దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, ఇవాళ మన ఇళ్ళలో తెల్ల ఎల్‌ఈడీ బల్బులన్నీ దాని చలవే. ఆ వస్తువంటే నాకు గౌరవమే. కాకపోతే రాత్రి డ్రైవర్ పక్కన దాని చోటు కాదు.

ఇక స్టీరియో విషయం. మాది సింగిల్ డిన్, అంటే ముందు భాగం 180 మిల్లీమీటర్ల వెడల్పు 50 మిల్లీమీటర్ల ఎత్తు. ముందు ప్యానెల్ ఊడి చేతికొచ్చేస్తుంది, దొంగల భయంతో పెట్టిన ఏర్పాటు అది. ఈ రకం మీకుంటే అదృష్టం, ఎందుకంటే డ్యాష్‌బోర్డు విప్పాల్సిన పని లేదు, బ్యాటరీ తియ్యాల్సిన పని లేదు, ఒక బటన్ నొక్కితే ప్యానెల్ ఇంట్లో టేబుల్ మీదకి వచ్చేస్తుంది. లైట్లన్నీ ఆ ప్యానెల్‌లోనే ఉంటాయి. వెనక నాలుగు చిన్న స్క్రూలు, వాల్యూమ్ నాబ్ నేరుగా బయటికి లాగితే వచ్చేస్తుంది, తర్వాత చుట్టూ క్లిప్పులు. క్లిప్పులకి స్క్రూడ్రైవర్ వాడొద్దు, ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయి, ఎక్స్‌పైరీ అయిపోయిన ఏటీఎం కార్డు మూల దూర్చి మెల్లగా జరుపుకుంటూ వెళ్తే టక్ టక్ మని ఒక్కొక్కటీ వదులుతుంది.

లోపల ఆకుపచ్చ బోర్డు, దాని మీద రబ్బరు కీప్యాడ్, ఆ రబ్బరు ఎత్తితే కింద బియ్యపు నూకంత ఎల్‌ఈడీలు. బటన్ల కింద తొమ్మిది నీలం, డిస్‌ప్లే అంచున మూడు తెలుపు, మొత్తం పన్నెండు. మూడేసి చొప్పున వరసగా, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే కరెంట్ వెళ్ళేలా కలిపి, ఒక్కో వరసకి కరెంట్‌ని అదుపులో పెట్టే ఒక్కో రెసిస్టర్ పెట్టారు. రెసిస్టర్ మీద 391 అని ఉంది, అంటే 39 పక్కన ఒక సున్నా, 390 ఓమ్‌లు. ఈ చిన్న అంకె గుర్తుపెట్టుకోండి, నేను మొదటిసారి చేసిన తప్పంతా దీని దగ్గరే.

కొనే ముందు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మీ డిస్‌ప్లే ఎలాంటిది? పాత స్టీరియోలు కొన్నిటిలో నీలం కలిసిన ఆకుపచ్చలో తనకు తానే వెలిగే గాజు డిస్‌ప్లే ఉంటుంది, దాన్ని వీఎఫ్‌డీ అంటారు. దాని వెనక ఎల్‌ఈడీలు ఉండవు, అక్షరాలే వెలుగుతాయి, కాబట్టి మార్చడానికి అక్కడ ఏమీ లేదు, మహా అయితే ముందు రంగు ఫిల్మ్ పెట్టుకోగలరు. ఎల్‌సీడీ అయితేనే వెనక లైటు మారితే రంగు మారుతుంది. రెండోది, బటన్ల ప్లాస్టిక్ వెనక రంగు పొర ఉందా? నేను ఒక్కో బటన్ వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూశా, ముందువైపు తెల్లగానే వచ్చింది, అంటే పొర లేదు, రంగంతా ఎల్‌ఈడీదే. నీలంగానో ఆకుపచ్చగానో వస్తే లోపల పెయింట్ ఉందన్నట్టు, అప్పుడు నారింజ ఎల్‌ఈడీ వేసినా బయటికి వెలుతురు రాదు. పొర తన రంగు వెలుతురుని మాత్రమే వదులుతుంది, వేరే రంగుని తనలోనే ఆపేస్తుంది. ఐరన్ లేకుండా తేలిగ్గా అవుతుందేమోనని ముందు వెలుతురు దూరే పల్చటి నారింజ జిలుగు కాగితం కూడా పెట్టి చూశా. డిస్‌ప్లే తెల్ల లైటు కాబట్టి అక్కడ బ్రహ్మాండంగా నారింజ వచ్చింది. నీలం బటన్ల మీద పెడితే పూర్తిగా చీకటి. మీ స్టీరియోలో అన్నీ తెల్ల లైట్లే అయితే ఆ పది రూపాయల కాగితంతోనే పని అయిపోవచ్చు, ముందు అది ప్రయత్నించండి.

ఇప్పుడు అసలు రివ్యూ. ఆన్‌లైన్‌లో 100 నారింజ ఎల్‌ఈడీల ప్యాకెట్ 199 రూపాయలకి తీసుకున్నా, అమ్మినవాళ్ళ పేరు రాయను. 3528 సైజు, అంటే 3.5 మిల్లీమీటర్లు అటు, 2.8 మిల్లీమీటర్లు ఇటు, మా బోర్డు మీద ఉన్నవీ అవే. చిన్న జిప్ కవర్లో విడివిడిగా పోసి పంపించారు, అట్ట లేదు, టేప్ లేదు, ఉప్పు ప్యాకెట్‌లా ఉంది. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటీ వెలిగించి చూశా. 40 చూసేసరికి విషయం తెలిసిపోయింది. కొన్ని పసుపు వైపు, కొన్ని నారింజ, కొన్ని దాదాపు ఎరుపు. విడిగా చూస్తే అన్నీ బాగానే అనిపిస్తాయి, రెండు పక్కపక్కన పెడితేనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్నవి పన్నెండు ఏరుకోవడానికి గంటన్నర పట్టింది. రెండు అసలు వెలగనే లేదు.

ఏరినవి వేశా, ప్యానెల్ బిగించా, ఇంజన్ ఆన్ చేశా. వెలిగాయి. ఆ క్షణం సంతోషం మాటల్లో చెప్పలేను, నాన్నని కేకేసి పిలిచా. ఆయన వచ్చి కూర్చుని చూసి "రంగు బాగుందమ్మా, కానీ ఇంకా ఎక్కువగానే ఉంది" అన్నారు. నిజమే, నీలం కంటే ధగధగా వెలుగుతున్నాయి. రెండు బటన్లు మిగతావాటికంటే పసుపు. పది నిమిషాల తర్వాత ప్యానెల్ తీసి పట్టుకుంటే ఎడమ వైపు వెచ్చగా ఉంది, ఇంతకుముందు అలా లేదు. మూడు వారాలకి ఒక ఎల్‌ఈడీ పోయింది, వరసగా కలిపారు కాబట్టి దానితో పాటు ఇంకో రెండు బటన్లూ ఆరిపోయాయి.

తప్పు ఎక్కడుందో లెక్క వేసి చూస్తే తేలింది. నీలం, తెలుపు ఎల్‌ఈడీ ఒక్కోటి దాదాపు 3.2 వోల్టులు తీసుకుంటుంది, మూడు వరసగా ఉంటే 9.6. ఇంజన్ తిరుగుతున్నప్పుడు మా దాంట్లో ఆ వరసలకి వచ్చేది సుమారు 14 వోల్టులు, మిగిలిన 4.4 వోల్టులు 390 ఓమ్‌ల రెసిస్టర్ మీద పడతాయి, అంటే 11 మిల్లీ ఆంపియర్ల కరెంట్. నారింజ ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు. మూడింటికి 6. అప్పుడు రెసిస్టర్ మీద 8 వోల్టులు పడి కరెంట్ 20 దాటిపోతుంది, దాదాపు రెండింతలు. ఈ చిన్న ఎల్‌ఈడీలకి మామూలుగా చెప్పే కరెంట్ 20 మిల్లీ ఆంపియర్లే. రెసిస్టర్ కూడా 0805 సైజుది, అది ఎనిమిదో వంతు వాట్ వరకే తట్టుకుంటుంది, నేను దాని మీద 0.16 వాట్ దాకా రుద్దా. అందుకే ఆ వేడి. రంగు మార్చేటప్పుడు రెసిస్టర్ కూడా మార్చాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఎరుపు, నారింజ, పసుపు ఒక జట్టు, 2 వోల్టుల దగ్గర. నీలం, తెలుపు ఇంకో జట్టు, 3 పైన. ఇప్పుడు తయారయ్యే ముదురు ఆకుపచ్చ కూడా నీలం జట్టే. ఒకే జట్టులో మార్చుకుంటే పాత రెసిస్టర్ సరిపోతుంది. మొదటి జట్టు నుంచి రెండో దానికి వెళ్తే, అంటే నారింజ తీసి తెలుపు వేస్తే, సమస్య తిరగబడుతుంది, కరెంట్ చాలక మసగ్గా వెలుగుతాయి, నాలుగు వరసగా ఉంటే ఇంజన్ ఆఫ్‌లో అసలు వెలగకపోవచ్చు.

రెండోసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. శనివారం పొద్దున కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళా. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన ఎవరినడిగినా ఆ గల్లీ తెలుసు, ప్రాజెక్టుల రోజుల్లో మేం వారానికోసారి అక్కడే ఉండేవాళ్ళం. మనిషి పట్టేంత కౌంటర్లు, గోడ నిండా చిన్న చిన్న డబ్బాలు, పేరు చెప్తే చాలు, చూడకుండానే చెయ్యి ఆ డబ్బా మీదకి వెళ్ళిపోతుంది. "3528 నారింజ, ఒకే రీల్‌ది కావాలి" అంటే ఆయన నా వైపు ఒకసారి చూసి, రీల్ తీసి, కత్తెరతో 25 ఉన్న టేప్ ముక్క కత్తిరించి ఇచ్చారు. 60 రూపాయలు. "కార్‌కా మేడమ్? రెసిస్టర్ కూడా మార్చండి, లేకపోతే వారంలో మళ్ళీ వస్తారు" అన్నారు. నేను మూడు వారాలు పోగొట్టుకుని నేర్చుకున్నది ఆయన రూపాయి తీసుకోకుండా చెప్పేశారు. 681, 102 అని రాసి ఉన్న రెసిస్టర్లు, అంటే 680 ఓమ్‌లవి, 1000 ఓమ్‌లవి, పదేసి 20 రూపాయలకి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆ టేప్‌లో పది తీసి పక్కపక్కన వెలిగించి చూస్తే అన్నీ ఒకటే రంగు, ఒకటే వెలుతురు. రీల్ వెయ్యడానికి ముందు కంపెనీలో రంగు, వెలుతురు కొలిచి ఒకేలా ఉన్నవాటిని జట్లు కడతారు, దాన్నే బిన్నింగ్ అంటారు. కవర్లో పోసి అమ్మేవాటిలో ఎక్కడెక్కడివో కలిసిపోతాయి. ఇదొక్కటే ముఖ్యమైన తేడా. ఒకటి 2 రూపాయల 40 పైసలు, ఇంకోటి 2 రూపాయలు. ఆ 40 పైసల దగ్గర పొదుపు చేసి నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా. ఆన్‌లైన్ ప్యాకెట్‌కి ఐదుకి ఒకటిన్నర ఇస్తా, అదీ సైజు సరిగ్గా ఉన్నందుకు. గుజరాతీ గల్లీ టేప్‌కి ఐదుకి ఐదు. విజయవాడ, విశాఖ, వరంగల్ వాళ్ళు తప్పనిసరిగా ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే, "టేప్ ముక్క" అని ఫోటోలో స్పష్టంగా కనిపిస్తేనే తీసుకోండి, కవర్లో విడిగా పోసినవి వద్దు.

పనిముట్ల విషయం. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ 280 రూపాయలు, సన్న మొన ఉన్నది అడిగి తీసుకోండి, వెడల్పాటి మొనతో ఈ పని కష్టం. 63/37 సీసం తీగ (63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం), ఇది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది, 60/40లా మధ్యలో ముద్దగా ఉండదు, చిన్న పనులకి ఇదే హాయి. 150 రూపాయలు. ఫ్లక్స్ డబ్బా 40, సీసం పీల్చే రాగి జాలి 70, వంపు మొన ట్వీజర్ 60, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా 90. వీటిలో దేన్నైనా మానేద్దామనుకుంటే ఫ్లక్స్ మాత్రం మానొద్దు. ఫ్లక్స్ లేకుండా సీసం ముద్దలా ఐరన్‌కే అంటుకుని తిరుగుతుంది, ఫ్లక్స్ రాస్తే నీళ్ళలా పారి ప్యాడ్ (టంకం వేసే రాగి చోటు) మీద మెరుస్తూ కూర్చుంటుంది. మల్టీమీటర్ ఇంట్లోనే ఉంది. చవక మల్టీమీటర్లలో డయోడ్ మోడ్ వోల్టేజ్ తక్కువ ఉంటుంది, దానితో నారింజ, ఎరుపు వెలుగుతాయి, నీలం, తెలుపు సరిగ్గా వెలగవు, ఎల్‌ఈడీ పోయిందని పారెయ్యకండి.

చేసే పద్ధతి దగ్గరికొస్తా. బాల్కనీలో టేబుల్ వేసుకున్నా, ఫ్లక్స్ పొగ ఇంట్లో నిలవకూడదని. ముందు బోర్డు రెండు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీసిపెట్టుకున్నా, ఎందుకంటే ఎల్‌ఈడీకి ఒక మూల కోసినట్టు ఉంటుంది, మా వాటికి అది మైనస్ వైపు, తిప్పి పెడితే వెలగదు, వరస మొత్తం ఆరిపోతుంది. తియ్యడానికి నా పద్ధతి ఇది: ఎల్‌ఈడీ రెండు కాళ్ళ మీదా ఫ్లక్స్ రాసి, కొంచెం కొత్త సీసం ఎక్కువగానే వేసి, ఐరన్‌ని ఒక కాలు మీద ఒక సెకను, రెండో కాలు మీద ఒక సెకను అటూ ఇటూ జరుపుతూ ఉంటే నాలుగో సారికి రెండు వైపులా సీసం ఒకేసారి కరిగి ఉంటుంది, అప్పుడు ట్వీజర్‌తో పక్కకి తోస్తే వెన్న మీద నుంచి జారినట్టు జారిపోతుంది. జారకపోతే బలం చెయ్యొద్దు. నేను ఏడో దాని దగ్గర చేశా. ఓపిక తగ్గి ట్వీజర్‌తో పైకి లాగా, చిటుక్కుమని వచ్చింది, చూస్తే ఎల్‌ఈడీతో పాటు కింద రాగి ప్యాడ్ కూడా లేచి వచ్చేసింది. గుండె జారిపోయింది. టెన్షన్‌లో ఇంకేదైనా ముట్టుకుంటే ఇంకా పాడవుతుందని ఐరన్ ఆపేసి, టీ తాగి వచ్చి చూశా. ప్యాడ్ పోయినా దాని నుంచి వెళ్ళే రాగి గీత ఉంది. దాని మీద ఆకుపచ్చ పూతని బ్లేడుతో రెండు మిల్లీమీటర్లు గీకి, పాత ఇయర్‌ఫోన్ వైరులో నుంచి వెంట్రుకంత తీగ తీసి, ఒక చివర అక్కడ, ఇంకో చివర ఎల్‌ఈడీ కాలికి టంకం వేశా. అది ఇవాల్టికీ వెలుగుతోంది. అయినా చెప్తున్నా, లాగొద్దు.

పెట్టడం తియ్యడం కంటే తేలిక. పాత సీసాన్ని రాగి జాలితో తుడిచేసి, ఒక ప్యాడ్ మీద మాత్రం చిన్న బొట్టు పెట్టి, ట్వీజర్‌తో ఎల్‌ఈడీని పట్టుకుని ఆ బొట్టు కరిగించి కూర్చోబెట్టాలి, వంకర లేదని చూసుకుని రెండో వైపు వెయ్యాలి. ఒక్కో కాలి మీద మూడు సెకన్లకి మించి ఐరన్ ఉంచొద్దు, ఎల్‌ఈడీ మీది పారదర్శకమైన పూత వేడికి పొగచూరినట్టు అవుతుంది. ఒకటి ట్వీజర్ నుంచి ఎగిరి బాల్కనీ జాలీలోంచి కిందికి పోయింది. టేప్ ఎప్పుడూ రెండు మూడు ఎక్కువే తీసుకోవాలి.

డిస్‌ప్లే దగ్గర ఒక జాగ్రత్త. ఎల్‌సీడీ గాజుకీ బోర్డుకీ మధ్య తీగలుండవు, నలుపు తెలుపు చారలతో రబ్బరు పట్టీ ఉంటుంది, దాన్ని జీబ్రా పట్టీ అంటారు, కరెంట్ దానిలోంచే వెళ్తుంది. దాని మీద వేలి జిడ్డు పడినా, అర మిల్లీమీటర్ జరిగినా అక్షరాల్లో గీతలు ఎగిరిపోతాయి. నాకు మొదటిసారి 8 అంకె 6లా కనిపించింది, స్టేషన్ నంబర్ 98.3 అని ఉండాల్సిన చోట చదవడమే కష్టమైంది. మళ్ళీ విప్పి పట్టీని ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి, ఆరాక తిన్నగా పెట్టి, లోహపు ఫ్రేము కొక్కేలు అన్నీ సమంగా వంచితే అన్ని గీతలూ వచ్చాయి. రబ్బరు కీప్యాడ్ కింద నల్లటి చుక్కలు కూడా అదే సమయంలో తుడిచెయ్యండి, పాత బటన్లు రెండుసార్లు నొక్కితే గానీ పలకని జబ్బు పోతుంది. మా దాంట్లో సోర్స్ బటన్ ఏడాదిగా మొండికేసేది, ఇప్పుడు ముట్టుకుంటే పనిచేస్తోంది.

వెలుతురు ఎంత ఉండాలో మాత్రం లెక్కతో తేలదు, కంటితోనే తేల్చాలి. లెక్క ప్రకారం 680 ఓమ్‌లు వేస్తే దాదాపు 12 మిల్లీ ఆంపియర్లు, పాత నీలం వరసలో ఉన్నంతే. అది వేసి రాత్రి తొమ్మిదింటికి నాన్నని తీసుకుని ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీద, దీపాలు లేని చోట బండి పక్కకి ఆపి చూపించా. డిస్‌ప్లే బాగుంది, బటన్లు ఇంకొంచెం తగ్గితే బాగుండేదన్నారు. మర్నాడు బటన్ల మూడు వరసలకీ 1000 ఓమ్‌లవి వేశా, 8 మిల్లీ ఆంపియర్లు. మళ్ళీ అదే చోటికి వెళ్ళాం. ఈసారి ఆయన ఏమీ అనలేదు, వాల్యూమ్ నాబ్ పక్కనున్న చిన్న అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదివారు. నీలం ఉన్నప్పుడు ఆ అక్షరాలు ఆయనకి కనిపించేవే కాదు, వెలుతురంతా పాకి ముద్దగా ఉండేది. మీటర్ బోర్డు రంగుకీ స్టీరియో రంగుకీ నూటికి నూరు పాళ్ళు పొంతన కుదరలేదు, స్టీరియో ఒక పిసరు ఎర్రగా ఉంటుంది, అది నాకు తెలుస్తుంది, కూర్చున్నవాళ్ళకి చెప్తే గానీ తెలీదు. పట్టపగలు ఎండలో డిస్‌ప్లే మునుపటికంటే కాస్త మసగ్గా కనిపిస్తుంది, ఇది నిజమైన లోటే, కానీ పగలు ఆయన దాన్ని చూడరు.

మొత్తం ఖర్చు 770 రూపాయలు, అందులో ఐరన్, ట్వీజర్ లాంటివి మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి. దండగైన 199 కలిపితే 969. బండిలోకి వెళ్ళిన సామాను ఖరీదు మాత్రం 80 లోపే.

ఎవరు చెయ్యకూడదో కూడా చెప్తా. స్టీరియో వారంటీలో ఉంటే వద్దు, విప్పిన గుర్తు కనిపిస్తే వారంటీ పోతుంది. ఇంతకుముందు ఎప్పుడూ ఐరన్ పట్టనివాళ్ళు నేరుగా స్టీరియో మీద మొదలుపెట్టొద్దు, పాడైన సెట్‌టాప్ బాక్స్ బోర్డో, పాత రేడియో బోర్డో తీసుకుని దాని మీద ఇరవై తీసి ఇరవై పెట్టి చూడండి, ఆ ఇరవైతో చెయ్యి కుదురుతుంది. ప్యానెల్ ఊడని, డ్యాష్‌బోర్డుతో కలిసిపోయిన కంపెనీ స్టీరియోలైతే పని పెద్దది, మొత్తం బయటికి తియ్యాలి, బ్యాటరీ మైనస్ తీసెయ్యాలి. కొన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, పాత హోండాల్లో కరెంట్ తీసి మళ్ళీ ఇస్తే స్టీరియో కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ ముందే దగ్గర పెట్టుకోకపోతే పాటలే ఉండవు. సీసం పట్టుకున్న చేతులతో తినకండి, సబ్బుతో కడుక్కోండి. చిన్న పిల్లలున్న ఇంట్లో కింద రాలిన సీసం ముక్కలు ఏరి పారెయ్యండి.

ఈ నారింజ లైట్లు పెట్టి ఐదు నెలలైంది. ఒక్కటీ పోలేదు, రంగు మారలేదు, వేసవి ఎండలో బండి బయట నిలబెట్టినా ఏమీ కాలేదు. మొన్న కోదాడ నుంచి వస్తూ నాన్న సూర్యాపేట దగ్గర టీకి ఆగి ఫోన్ చేశారు, ఎక్కడున్నారో చెప్పి, "లైటు బాగుందమ్మా, దారి తెలుస్తోంది" అన్నారు. చేతిరుమాలు ఇప్పుడు జేబులోనే ఉంటోంది. టేప్‌లో ఇంకా పన్నెండు నారింజ ఎల్‌ఈడీలు మిగిలాయి, మా బావ ఐ10 స్టీరియో కూడా నీలమే, వచ్చే ఆదివారం దాన్ని తెమ్మన్నా, ముందు బటన్ల వెనక టార్చ్ పెట్టి చూడాలి.